ఆడినవాళ్ళకి టీ, ఆట మాన్పించినవాడికి జీతం

కంపెనీ జట్లలోనూ ఆటల క్లబ్బుల్లోనూ గుమాస్తాలుగా చేరుతున్న కుర్రవాళ్ళు కొందరు ఈమధ్య రంగూన్ లమ్మడా పేటలో మా ఇంటి మెట్లెక్కి వస్తున్నారు. ‘‘మీరు హాకీ జట్టుకి జీతాలు పంచారట కదా, ఆ పని ఎలా ఉంటుంది?’’ అని అడుగుతున్నారు. నిజానికి వాళ్ళకు కావలసినవి గోల్స్ కథలు, కప్పుల కథలు. నా దగ్గర అవి తక్కువ. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ నేను గుడారం వెనకాల టీ కెటిల్ దగ్గర ఉండేవాణ్ణి. గోల్ పడిందన్న సంగతి అరుపులను బట్టి తెలిసేది. ఎవరి మీద పడిందన్నది మా దొరగారి మొహాన్ని బట్టి తెలిసేది.

లీగు నడిచే నెలల్లో ఆటగాడికి ఏమివ్వాలి, కప్పు పోటీల్లో ఏమివ్వాలి, ఆట నుంచి సస్పెండ్ చేస్తే ఏం కోయాలి. నా ఉద్యోగమంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగింది. తక్కినదంతా కర్రలు కొనడం, నిక్కర్లు ఉతికించడం. ఆ మూడింటికీ జవాబు నాకు ఒకే సీజన్‌లో దొరికింది. పంతొమ్మిది వందల ఇరవైల్లో ఒక చలికాలం అది. దాని గురించి రాస్తే చాలుననుకుంటున్నాను.

దీపాలవాడు, ఎలకలవాడు

మాది నది ఒడ్డున బియ్యం మిల్లు. పేరుతో మీకు పని లేదు. ఆ రోజుల్లో రంగూన్‌లో కాస్త పెద్ద కంపెనీ అనిపించుకోవాలంటే ఒక హాకీ జట్టు ఉండాలి. అయితే ఊరి నడుమ చౌక్తడా పేటలో కూర్చునే హాకీ అసోసియేషన్‌వారికి ఒక నియమం ఉండేది: డబ్బు పుచ్చుకుని ఆడేవాడు ఆటగాడు కాడు, కూలివాడు. కూలివాళ్ళను లీగులోకి రానివ్వరు.

మరి మంచి ఆటగాడు వట్టినే ఎందుకు ఆడతాడు? అందుకని కంపెనీలన్నీ ఒకే ఉపాయం పన్నాయి. ఆటగాడికి ఏదో ఒక ఉద్యోగం రాసి, ఆ ఉద్యోగానికి జీతం ఇచ్చేవి. మా గోల్‌కీపర్ మిల్లు హాజరుపట్టీలో ‘ఎలకల తనిఖీదారు’. మా సెంటర్ ఫార్వర్డ్ ‘దీపాల పర్యవేక్షకుడు’. ఇద్దరిలో ఎవరికీ మిల్లు గేటు ఎటువైపు ఉందో తెలియదు. ఈ సంగతి అసోసియేషన్‌కీ తెలుసు. అసోసియేషన్ కార్యదర్శి పనిచేసే కంపెనీలో ఐదుగురు తోటమాలులు ఉండేవారు, తోట లేదు.

మా మేనేజరు గ్రేసన్ దొర. మనిషి చెడ్డవాడు కాదు కానీ ఆట విషయంలో రెండు నాలుకల మనిషి. ఓడిపోతే అన్నం తినేవాడు కాదు. గెలవడానికి ఇచ్చే డబ్బు పేరెత్తితే వినేవాడు కాదు. నేనొకసారి నోరు జారి ‘‘ఆటగాళ్ళ జీతాలు’’ అన్నాను.

‘‘సన్యాసిరావ్, ఇంకెప్పుడూ ఆ మాట వాడకు. మన కుర్రాళ్ళు ఆట మీద ప్రేమతో ఆడుతున్నారు’’ అన్నాడు.

‘‘చిత్తం. ప్రేమ ఒకటో తారీఖున ఇవ్వమంటారా, రెండో తారీఖునా?’’

‘‘ఒకటో తారీఖునే ఇవ్వు. లేకపోతే శనివారం ఆడరు’’ అన్నాడు.

లీగు మ్యాచ్‌లు జరిగినన్నాళ్ళూ నెలనెలా ఈ ప్రేమ అందేది. లీగు అయిపోగానే ఆగిపోయేది. ఆ తర్వాత వచ్చే కప్పు పోటీలకు మాత్రం పైసా లేదు. కప్పు అంటే గౌరవం కోసం ఆడేదని దొరగారి వాదన. గెలిచిన జట్టుకి గేటు టిక్కెట్ల డబ్బులో వాటా వస్తుంది. ఓడిన జట్టుకి టీ, కేకు ముక్క. ఇన్నేళ్ళూ ఈ పద్ధతి మీద ఎవరూ గొడవపడలేదు. ఎందుకంటే మా జట్టు ఎన్నడూ కప్పులో మొదటి రౌండు దాటలేదు.

ఆ ఏడు మాకు మంచి జట్టు కుదిరింది. నాకు కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఇద్దరు మనుషులు

సెంటర్ ఫార్వర్డ్ కో బటిన్ నది అవతల ట్వంటే ఊరివాడు. ఇంట్లో కుండలు చేస్తారు. చిన్నప్పటి నుంచీ కుండల పడవల మీద రంగూన్ వచ్చి, రేవులో మన తెలుగువాళ్ళ మధ్యనే పెరిగాడు. నాకు వచ్చిన బర్మా కంటే వాడికి వచ్చిన తెలుగు మెరుగు. నన్ను ‘సయా’ అని పిలిచేవాడు, మాస్టారూ అన్నట్టు. బంతి కర్రకి కట్టుకున్నట్టు పరిగెత్తేవాడు. ఊళ్ళో తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు.

ఫుల్‌బ్యాక్ బోనెల కూర్మయ్యది శ్రీకాకుళం అవతల పల్లె. ఓడల్లోంచి బస్తాలు మోసే పనికి రంగూన్ వచ్చాడు. తలుపంత మనిషి. రేవు మైదానంలో ఎవరో సరదాకి చేతికి కర్ర ఇస్తే, ఎదురొచ్చినవాళ్ళ దగ్గర బంతి తీసుకోవడం నేర్చుకున్నాడు. నేను చూసినంతలో ఒక్కరినీ కొట్టలేదు. ‘‘తప్పుకో బాబూ, తగిలీగల్దు’’ అని ముందుగా చెప్పి మరీ వచ్చేవాడు. చాలామంది తప్పుకునేవారు. అతని భార్య పైడమ్మ. ఆమె గొంతు మాత్రం తప్పుకోమని చెప్పేది కాదు, నేరుగా వచ్చేసేది. వాళ్ళకు ముగ్గురు పిల్లలు.

కూర్మయ్యకి హాజరుపట్టీలో నేను రాసిన ఉద్యోగం ‘ధాన్యం తూకందారు’. ఏదో ఒకటి రాయాలి కనక రాశాను. ఆ మాట అంత దూరం పోతుందని అనుకోలేదు.

అంపైర్ని మోసుకెళ్ళిన సంగతి

లీగులో ఆఖరి మ్యాచ్. అంపైర్ డిసిల్వాగారు. స్కూలు మాస్టారు, పిట్టంత మనిషి, నెత్తిన పెద్ద టోపీ, మెళ్ళో ఈల. అవతలి జట్టువాడు కొట్టిన బంతి మా గోల్‌లో పడింది. హాకీలో గోల్ ముందు గీసిన సర్కిల్ లోపలి నుంచి కొడితేనే గోల్; బయటి నుంచి కొడితే కాదు. బయటి నుంచే కొట్టాడని మావాళ్ళందరూ అరిచారు. డిసిల్వాగారు మైదానం మధ్యలో ఎండకి ఎదురుగా నిలబడి, గోల్ అని ఈల ఊదేశారు.

అరుపులు మారేసరికి నేను కెటిల్ వదిలి గుడారం ముందుకొచ్చాను. అందుకే ఇది మాత్రం కళ్ళారా చూశాను.

కూర్మయ్య కర్ర కింద పెట్టాడు. మెల్లిగా నడుచుకుంటూ డిసిల్వాగారి దగ్గరికి వెళ్ళాడు. రెండు చంకల కిందా చేతులు వేసి, బస్తా ఎత్తినట్టు ఎత్తి, భుజాన వేసుకున్నాడు. డిసిల్వాగారు గాల్లో ఈల ఊదుతూనే ఉన్నారు. కూర్మయ్య ఆయన్ను సర్కిల్ గీత దాకా మోసుకెళ్ళి, అక్కడ జాగ్రత్తగా దింపి, జారిపోయిన టోపీ సరిచేసి, ‘‘అక్కడ నించి తవరికి అగుపడదు బాబూ. ఇక్కడ నిలబడి సూడండి’’ అన్నాడు.

జనం నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. గ్రేసన్ దొర కూడా నవ్వాడు. తర్వాత అసోసియేషన్ వాళ్ళ వైపు చూసి, నవ్వలేదన్నట్టు దగ్గాడు.

వాళ్ళు చౌక్తడాలో సమావేశమై కూర్మయ్యను సీజన్ ముగిసేదాకా సస్పెండ్ చేశారు. కప్పు పోటీల్లో ఆడకూడదు. ‘‘మోయడం కొట్టడం కిందికి వస్తుందా?’’ అని గంటసేపు తర్జనభర్జన పడి, ఎందుకైనా మంచిదని అందులోకే చేర్చారట.

ఆ సాయంత్రం దొర నన్ను పిలిచి, ‘‘ఆట లేదు, కాబట్టి జీతం లేదు. తక్కినవాళ్ళకి నెలాఖరున ఆగుతుంది, అతనికి ఈ రోజు నుంచే ఆపేయి’’ అన్నాడు. ఆ మాట వాడకూడదని నాకు చెప్పింది తనేనని మరిచిపోయాడు.

పైడమ్మ

మర్నాడు పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళేసరికి పైడమ్మ నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది.

‘‘ఏటి బాబూ, మా ఆయన జీతం ఆపీసినారంట?’’

‘‘సస్పెండ్ చేశారు కదా పైడమ్మా. ఆట లేనప్పుడు ఎలా ఇస్తారు?’’

‘‘ఎక్కడ నించి సస్పెండు?’’

‘‘హాకీ నుంచి.’’

‘‘జీతం హాకీకేటి మీరు ఇస్తన్నది?’’

నేను తలుపు వైపు చూశాను. దొర గది తలుపు తీసే ఉంది. లోపల దొర కలం ఆగిన చప్పుడు వినిపించింది. ఆ మాటకి అవునంటే అసోసియేషన్ నియమం మంటగలిసినట్టే. అలా ఎవరైనా బయటపెడితే జట్టుకి జట్టునే లీగు నుంచి తీసేస్తారు.

‘‘కాదు. హాకీకి కాదు’’ అన్నాను.

‘‘మరి దేనికి?’’

‘‘తూకానికి. మిల్లులో ధాన్యం తూకం.’’

‘‘అయితే తూకం నించి సస్పెండు సేసినారేటి?’’

‘‘లేదు.’’

‘‘ఆయన్ని ఆటకాడ నించి గెంటీసినారు, సరే. ఆ దొరబాబుని ఎత్తడం తప్పే. నానూ తిట్టినాను. అంతమాత్రాన మా పొయ్యినేటికి గెంటీసినారు? ఆయన్ని రేపటి నించి తూకానికి తోలతాను. పొద్దుటే ఒచ్చీమంటారా, బోజనం సేసి రమ్మంటారా?’’

లోపలి నుంచి దొర గొంతు వినిపించింది: ‘‘సన్యాసిరావ్, ఆవిడ ఏమంటోంది?’’

నేను వెళ్ళి ఇంగ్లీషులో చెప్పాను. దొర కలం పక్కన పెట్టాడు. ‘‘ఆవిడని అసోసియేషన్‌కి మన తరఫున పంపించి ఉండవలసింది’’ అన్నాడు. తర్వాత, ‘‘పొద్దుటే రమ్మను’’ అన్నాడు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట. సస్పెన్షన్ అనగానే ఆటగాడి తప్పు ఎంత పెద్దదో తూచడానికి పెద్దలు చాలామంది కూర్చుంటారు. అతని ఇంట్లో ఎంతమంది తింటారని అడిగేవాడు ఆ బల్ల చుట్టూ ఒక్కడూ ఉండడు. అడగవలసింది గుమాస్తాయే. నేనూ అడగలేదు, నా చేత అడిగించడానికి పైడమ్మ రావలసివచ్చింది.

తూకం

మిల్లు యార్డుకి పెద్దగా ఉన్నది ఊ చిట్. పెద్దవయసు బర్మా ఆయన, లుంగీ మడత నలగకుండా పనిచేసే మనిషి. హాజరుపట్టీలో ఉన్న తూకందారు నిజంగానే పనికి వచ్చాడని తెలిసి ఆయన కంగారుపడి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ‘‘ఇలాగైతే రేపు ఎలకలవాడు కూడా వస్తాడా?’’ అన్నాడు.

కూర్మయ్యకి కాటా చూడటం రాదు. మొదటి రోజు రాళ్ళ వైపు ధాన్యం, ధాన్యం వైపు రాళ్ళు పెట్టాడు. రెండో రోజు కాటా ముల్లు ఎందుకు ఊగుతోందని దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. మిల్లుకి పోయిందెంతో, పడవలవాళ్ళకి పోయిందెంతో ఎవరూ చెప్పలేకపోయారు. పైగా యార్డు కూలీలందరూ పని మానేసి అతని చుట్టూ చేరి, ‘‘అంపైర్ని ఎలగెత్తినావు, ఓపాలి సూపించు’’ అని అడిగేవారు. కూర్మయ్య కాదనలేక, ఒప్పుకున్న కూలీని ఎత్తి చూపించేవాడు. ఎత్తించుకోవడానికి వరస కట్టారు.

ఊ చిట్ దొర దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. ‘‘అయ్యా, ఆ మనిషిని హాకీకి పంపించేయండి. జరిమానా ఏదైనా ఉంటే యార్డు వాళ్ళం చందాలేసుకుని కడతాం.’’

దొర నిజంగానే అసోసియేషన్‌కి వెళ్ళి, సస్పెన్షన్ తగ్గించమని అడిగాడు. వాళ్ళు, ‘‘మీ కుర్రాడు డబ్బు కోసం ఆడేవాడు కాదు కదా, అతనికి నష్టమేముంది?’’ అన్నారు. దొర తిరిగొచ్చి ఆ మాట నాకు చెబుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

ఇంతలో యార్డులో ఇంకొకటి జరిగింది. ధాన్యం దళారీ ఒకడు ఉండేవాడు. తూకం తక్కువ చూపించారని రోజూ కాటా ముందు నిలబడి గంటలు గంటలు అరిచేవాడు. వాడి వెనక పడవలన్నీ ఆగిపోయేవి. ఊ చిట్ మర్యాదస్తుడు. వాడి అరుపులకి తట్టుకోలేక రోజూ ఒక బస్తా వదులుకునేవాడు. కూర్మయ్య ఇది రెండు రోజులు చూశాడు. మూడో రోజు కాటా దగ్గర నుంచి లేచి వాడి వైపు నడిచాడు. ఎత్తలేదు. ఎత్తడానికి చేతులు చాచాడు, అంతే. దళారీ కూడా హాకీ చూసేవాడేనట. తనంతట తనే గేటు బయటికి వెళ్ళి, అక్కడి నుంచి మర్యాదగా మాట్లాడాడు.

ఆ తర్వాత యార్డులో అరుపులు లేవు. పడవలు త్వరగా ఖాళీ అయ్యేవి. ఊ చిట్ కూర్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని కాటా చూడటం ఓపికగా నేర్పాడు. పది మందిని నిలబెట్టి నేర్పినా రాని పని, ఒక మనిషి పక్కన కూర్చుని నేర్పితే వస్తుంది. నెల తిరిగేసరికి కూర్మయ్య తూకం తూకంలా వేస్తున్నాడు. నేను దొర మాటగా ‘‘సస్పెన్షన్ అయ్యాక కూర్మయ్యను హాకీకి తీసేసుకుంటాం’’ అన్నప్పుడు ఊ చిట్ నా మొహం కూడా చూడలేదు. ‘‘మీకు కావలిస్తే ఎలకలవాణ్ణి తీసుకోండి’’ అన్నాడు.

మర్యాదైన సెమీఫైనల్

ఇక కప్పు సంగతి. కూర్మయ్య లేకపోయినా మావాళ్ళు మొదటి రౌండు దాటారు, రెండోదీ దాటారు. లీగు అయిపోయింది కనక నెల జీతం ఆగిపోయింది. కో బటిన్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

‘‘సయా, లీగులో ఓడినా ఇచ్చినారు. కప్పులో గెలిచినా ఇయ్యరు. ఇదేటి లెక్క?’’

‘‘గేటు వాటా ఉంది కదా.’’

‘‘అది కప్పు గెలిస్తే కదా! మద్దెలో ఏటి తినాలి? ఇంటికి ఎల్దారంటే ఒట్టి సేతుల్తో ఎలాగ ఎల్తాను?’’

న్యాయమైన మాటే. దొరకి చెప్పాను. ఆయన ఆ రోజు ఉషారుగా ఉన్నాడు; కప్పులో ఇంత దూరం ఎన్నడూ రాలేదు. ‘‘సరే, కప్పులో ఆడే ప్రతి మ్యాచ్‌కీ ఇంత అని ఇవ్వు. దాన్ని జీతం అనకు’’ అన్నాడు. నేను సంతోషించి గుడారం లోపల నోటీసు అంటించాను. సెమీఫైనల్లో మాతో ఆడవలసిన కలప కంపెనీ జట్టుకి ఈ సంగతి తెలిసి, వాళ్ళ దొర దగ్గర వాళ్ళూ అదే ఒప్పందం చేసుకున్నారు.

కప్పు నియమం మీకు తెలిసే ఉంటుంది. మ్యాచ్ సమానంగా ముగిస్తే ఇంకో రోజు మళ్ళీ ఆడాలి.

మొదటిసారి ఆడారు. సమానం. రెండోసారి ఆడారు. సమానం. మూడోసారి చూడటానికి నేను కెటిల్ వదిలి ముందుకొచ్చాను. అలాంటి హాకీ నేను మళ్ళీ చూడలేదు. బంతి దగ్గరికి ఇద్దరు పరిగెత్తుకొచ్చి, ‘ముందు మీరు’ అన్నట్టు ఇద్దరూ ఆగిపోయేవారు. కో బటిన్ అందరినీ తప్పించుకుని అవతలి గోల్‌కీపర్ ఎదురుగా ఒంటరిగా వచ్చి, చదునైన నేల మీద కాలు జారి పడిపోయాడు. ఆ గోల్‌కీపర్ గోల్ వదిలేసి వచ్చి, చెయ్యిచ్చి లేపి, బట్టలకంటిన దుమ్ము దులిపాడు. ఖాళీగా ఉన్న గోల్ వైపు ఇద్దరూ చూడలేదు.

గ్రేసన్ దొర మొదట మురిసిపోయాడు. ‘‘చూశావా ఎంత పెద్దమనిషి తరహాగా ఆడుతున్నారో! నేను చర్చిలో కూడా ఇంత మర్యాద చూడలేదు’’ అన్నాడు. నాలుగోసారి ఆడే తేదీ చెప్పినప్పుడు మాత్రం ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుని, నా వైపు తిరిగి, ‘‘సన్యాసిరావ్, వీళ్ళు వర్షాకాలం దాకా ఇలాగే ఆడతారా?’’ అన్నాడు.

‘‘వర్షాలు పడినా మానరండి.’’

ఆ మూడో మ్యాచ్ విరామంలో టీ కోసం డిసిల్వాగారు వచ్చారు. ఆ మ్యాచ్‌లకీ ఆయనే అంపైర్. టీ కప్పు అందుకుంటూ, ‘‘మీ పెద్దమనిషి ఎలా ఉన్నాడు? నన్ను ఎత్తినవాడు?’’ అని అడిగారు. బాగానే ఉన్నాడన్నాను. ‘‘నాకు అతను లేని లోటు తెలుస్తోంది. అతనికి కనీసం గెలవాలని ఉండేది’’ అన్నారు. మెల్లిగా, ‘‘ఆ బంతి సర్కిల్ బయటి నుంచే కొట్టాడనుకుంటాను. దింపాక ఆలోచిస్తే అనిపించింది’’ అన్నారు.

ఆ సాయంత్రమే దొర నోటీసు చింపించాడు. ‘‘గెలిస్తేనే డబ్బు. ఓడినా సమానమైనా ఒక్క పైసా లేదు’’ అన్నాడు. కలప కంపెనీ దొర కూడా అదే చేశాడు. నాలుగో మ్యాచ్‌లో మర్యాదలన్నీ పోయాయి. కో బటిన్ ఆట మొదలైన కాసేపటికే గోల్ కొట్టాడు. మొన్న దుమ్ము దులిపిన గోల్‌కీపరే ఈసారి వాణ్ణి నానా బూతులూ తిట్టాడు. మేం ఫైనల్‌కి వెళ్ళాం.

డబ్బు ఎలా ఇస్తే ఆట అలా ఆడతారు. ఆటగాళ్ళ నీతి గురించి ఉపన్యాసాలిచ్చే పెద్దలు ముందు తాము అంటించిన నోటీసు చదువుకోవాలి. ఆ మూడు సమానాలకీ నేను వాళ్ళని తప్పుపట్టను. మేం అడిగినదే వాళ్ళు చేశారు.

ఫైనల్ సాయంత్రం

ఫైనల్లో ఓడిపోయాం. వంకలేమీ లేవు. వెనక కూర్మయ్య లేడు, వాళ్ళు మంచి జట్టు, మూడు గోల్స్ పడ్డాయి. దొర కారెక్కి వెళ్ళిపోయాడు. ఆయన ఆ రాత్రి అన్నం తినడని నాకు తెలుసు. మావాళ్ళు ఆ రాత్రి ఏం తింటారో తెలియదు.

గుడారంలో పది పదకొండు మంది తల వంచుకుని కూర్చున్నారు. లీగు జీతం ఆగి నెల దాటింది. సెమీఫైనల్లో వచ్చిన నాలుగు డబ్బులూ అప్పులకే పోయాయి; ఫైనల్ ఓడారు కనక ఇప్పుడు కప్పు డబ్బు లేదు. కేకు ముక్కలు పంచాను. కో బటిన్ తన ముక్కని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ‘‘ఇదేటి, తినవా?’’ అంటే, ‘‘సెల్లెళ్ళకి’’ అన్నాడు. టీ పోశాను.

అప్పుడు కూర్మయ్య వచ్చాడు. యార్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. ఒళ్ళంతా ఊక, కనుబొమల మీద కూడా. ఆట చూడలేదట, పడవలు ఉన్నాయని ఊ చిట్ వదల్లేదట.

‘‘ఏటి, పోనాదా?’’ అని అడిగాడు.

గోల్‌కీపర్ తల ఊపాడు.

‘‘పోతే పోయినాదిలే. ఎన్ని తిన్నారు?’’

‘‘మూడు’’ అన్నాడు గోల్‌కీపర్.

‘‘మూడేనా! నాను ఉంటే రెండు తినీవోలం’’ అని, అందరి మొహాలూ చూసి, ‘‘లెగండి. టీ కొట్టుకి పదండి’’ అన్నాడు.

‘‘డబ్బుల్లేవు, కూర్మయ్యా’’ అన్నాన్నేను.

‘‘నాకాడున్నాయి బాబూ. ఇయ్యాల జీతం ఇచ్చినారు కదా.’’

అప్పుడు నాకు వెలిగింది. ఆ నెల మా జట్టు మొత్తంలో జీతం అందుకున్నవాడు అతనొక్కడే. ఫైనల్ దాకా వెళ్ళి ఆడినవాళ్ళ చేతిలో ఏమీ మిగల్లేదు. ఆడొద్దని గెంటేసినవాడికి ఒకటో తారీఖున ఠంచనుగా, నా చేతుల మీదుగానే, నిండు జీతం వెళ్ళింది.

లమ్మడాలో టీ కొట్టు బెంచీల నిండా మేమే. అందరికీ మొహింగా చెప్పాడు. వేడి వేడి చేపల పులుసులో ఆ సేమ్యాలు పడేసరికి మొహాలు కాస్త తేరుకున్నాయి. కో బటిన్ రెండో గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, నా వైపు తిరిగి గంభీరంగా అన్నాడు: ‘‘సయా, ఒచ్చే ఏడు ఆ అంపైరుబాబుని నానెత్తుతాను.’’

‘‘నువ్వు ఒక్కడివీ ఎత్తలేవు. కాళ్ళు నేను పట్టుకుంటా’’ అన్నాడు గోల్‌కీపర్.

‘‘తప్పురా! పాపం పెద్దమనిసి’’ అని కూర్మయ్య కేకలేశాడు కానీ అప్పటికే బల్లలన్నీ నవ్వుతున్నాయి. కొట్టువాడు కూడా నవ్వాడు, ఏమీ అర్థం కాకుండానే.

కూర్మయ్య డబ్బులిచ్చేటప్పుడు నేను అడ్డం వెళ్ళి, ‘‘ఇంటికి ఏం తీసుకెళతావు? పైడమ్మ ఊరుకుంటుందా?’’ అన్నాను.

‘‘అదే పంపినాది బాబూ. ‘ఓడినా గెలిసినా ఆ కుర్ర గుంటలికి తిండి ఎట్టకుండా రాకు’ అన్నాది.’’

టీ ఖర్చులు

మర్నాడు నేను దొర గదిలోకి వెళ్ళి, అడగకుండానే కుర్చీలో కూర్చున్నాను. అన్నేళ్ళ ఉద్యోగంలో అదొక్కసారే. టీ కొట్టు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అంపైర్ని ఎత్తడం గురించి కూడా చెప్పాను.

దొర నవ్వలేదు. ‘‘నిజంగా ఎత్తుతారంటావా?’’

‘‘ఎందుకెత్తరండి? ఎత్తినవాడికి జీతం, ఎత్తనివాడికి కేకు.’’

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ‘‘ఆ బటిన్ కేకు జేబులో పెట్టుకున్నాడా?’’ అని అడిగాడు. అవునన్నాను. ఇక ఎక్కువ వాదించవలసిన అవసరం రాలేదు.

మేం కుదుర్చుకున్న పద్ధతి ఇది. కప్పు వారాల్లో ఓడినా, గెలిచినా, తొందరగా బయటికొచ్చేసినా, కప్పు ముగిసేదాకా అందరికీ సగం జీతం. గెలిస్తే దాని మీద గేటు వాటా. మ్యాచ్‌ల లెక్కన మాత్రం ఇవ్వకూడదు. సస్పెండైనవాడికి అతను తప్పిపోయిన మ్యాచ్‌ల మేరకే కోత. తక్కినది ఇంటికి వెళ్ళవలసిందే. కోసిన డబ్బు మిల్లు తీసుకోకూడదు, ఆటలో దెబ్బ తగిలి మంచాన పడ్డవాడికి ఇవ్వాలి. ఈ ఆఖరిది నేను గట్టిగా పట్టుబట్టాను. కోత వల్ల కంపెనీ బాగుపడుతుంటే, తప్పులు వెతికేవాళ్ళు ఎక్కువైపోతారు.

పేరు దొరగారే పెట్టాడు: ‘టీ ఖర్చులు’. అసోసియేషన్ కార్యదర్శి ఒకసారి మా ఖర్చులు చూసి, ‘‘మీ జట్టు చాలా టీ తాగుతుందే’’ అన్నాడట. దొర, ‘‘మీ తోటమాలులు తాగరా?’’ అని అడిగాడట. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

కూర్మయ్య సస్పెన్షన్ ముగిశాక మళ్ళీ హాకీకి వచ్చాడు కానీ, తూకం మానలేదు. ఆట జీతం చలికాలానికే, తూకం జీతం ఏడాది పొడుగునా అని పైడమ్మ తేల్చేసింది. పొద్దంతా కాటా, సాయంత్రం మైదానం. డిసిల్వాగారు అంపైర్‌గా వచ్చిన రోజుల్లో ఇద్దరూ ఒకరికొకరు దణ్ణం పెట్టుకునేవారు. గోల్ దగ్గర బంతి ఉన్నప్పుడు డిసిల్వాగారు ఎవరూ మోయకుండానే సర్కిల్ దాకా పరిగెత్తుకొచ్చేవారు.

మరుసటేడు కప్పులో మా జట్టు పాత అలవాటు ప్రకారం మొదటి రౌండులోనే ఓడిపోయింది. దొర అన్నం మానేశాడు. నేను గుడారంలో టీ ఖర్చులు పంచాను. కో బటిన్ తన వంతు తీసుకుని, రుమాల్లో మూట కట్టి, నడుముకి దోపుకున్నాడు. ట్వంటే పడవకి ఇంకా టైముందని, నన్ను తోడు తీసుకుని బజారుకి వెళ్ళాడు. చెల్లెళ్ళకి రెండు పట్టు రుమాళ్ళు, తల్లికి చెప్పులు బేరమాడి కొన్నాడు. రేవులో పడవ ఎక్కి, ఒడ్డు నుంచి దూరమవుతూ ఉంటే, నాకు వినపడాలని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు:

‘‘సయా! ఓడిపోనామని దొరకి సెప్పినారా?’’

చెప్పానని చెయ్యి ఊపాను.

‘‘మా అమ్మకి నాను సెప్పనులెండి!’’ అన్నాడు. పడవలోవాళ్ళందరూ నవ్వారు. ఓడిపోయి ఇంటికి అంత హాయిగా వెళుతున్న ఆటగాణ్ణి నేను చూడటం అదే మొదటిసారి.